కడగని మిక్సీ జారు

మెల్‌బోర్న్‌లోని క్లైడ్ నార్త్‌లో ఇల్లు కొనుక్కున్న కొత్తలో జరిగింది. ఓ శనివారం మా అమ్మాయి క్లాస్‌మేట్ సోఫీ భోజనానికి వచ్చింది. ఆ పిల్లకి నువ్వులు పడవని దింపడానికి వచ్చిన వాళ్లమ్మ చెప్పింది. "డోంట్ వరీ, ఐ విల్ టేక్ కేర్" అన్నాను గొప్పగా. నువ్వులు వేయకుండానే కరివేపాకు పొడి అప్పటికప్పుడు మిక్సీ పట్టి, నెయ్యన్నంలో కలిపి పెట్టాను.

నాలుగు ముద్దలు తినేసరికి సోఫీ పెదాలు వాచిపోయాయి. ఊపిరి అందక గొంతు పట్టుకుంది. మా అమ్మాయే సోఫీ బ్యాగులో ఎప్పుడూ ఉండే అలర్జీ ఇంజెక్షన్ తీసి తొడకి గుచ్చి, అంబులెన్సుకి ఫోన్ చేసింది.

"అమ్మా, డిడ్ యూ వాష్ ద జార్?" అని అరిచింది.

కడగలేదు. ముందురోజు నువ్వుల పొడి అందులోనే పట్టాను. తడి తగిలితే పొడి పాడవుతుందని మా అమ్మ నేర్పినట్టే గుడ్డతో తుడిచి ఊరుకున్నాను.

సోఫీ బతికింది. హాస్పిటల్‌లో వాళ్లమ్మ నా చేయి పట్టుకుని, పొద్దున తానే ఏదో కొత్త బ్రెడ్ పెట్టానని, అందులోనే నువ్వులుండి ఉంటాయని, తప్పంతా తనదేనని ఏడ్చింది. జారు సంగతి నోటిదాకా వచ్చింది. మింగేశాను. మా అమ్మాయి నన్నే చూస్తూ నిలబడింది.

ఇప్పుడు ఆ జారు ప్రతిసారీ కడుగుతాను. ఏం లాభం? ఆ తల్లి ఇప్పటికీ ఆ బ్రెడ్ కొనడం లేదు.