చేటెడు తవుడుకు కొన్న బిడ్డ

సకల ప్రాణులలో ఊపిరియై మెలగు పరమాత్మకు మ్రొక్కి, విశ్వావసు నామ సంవత్సర కార్తీక శుద్ధ నవమి నాడు, సూరతు నగరంలో ఈ జ్ఞాపకాన్ని అక్షరబద్ధం చేస్తున్నాను.

ఇక్కడి తెలుగు పాఠశాలలో బోధించి విశ్రమించిన నాకు, ఈ నగరపు భేస్తాన్‌లో మరమగ్గం నడిపే శిష్యుడొకడున్నాడు. మేము విడిచి వచ్చిన ప్రాంతపు ఆచారం చొప్పున అతడు సొంత అక్క కూతురినే పెండ్లాడాడు. వారి తొలి ఇద్దరు కొడుకులూ ఏడాది నిండకుండానే, ఒంటినిండా చీముగడ్డలతో, ఊపిరితిత్తుల జబ్బుతో పోయారు. ఏ జబ్బో తెలుసుకొనే పరీక్ష ఎవరూ చేయించలేదు.

మూడవ కాన్పుకు ముందు, వంశపారంపర్యంగా వచ్చే రోగనిరోధక లోపాలకు చికిత్స చేసే వైద్యురాలొకామె వారి కథ విన్నది. గోదావరి వైపు నుంచి కొత్తగా వచ్చిన యువతి. శ్రావణంలో బిడ్డ పుట్టగానే రక్తపరీక్ష చేయించింది. అనుమానం నిజమైంది. బిడ్డ తెల్ల రక్తకణాలు క్రిములనూ బూజునూ మింగగలవు గాని చంపలేవు. మందులతో కాపాడుకొంటూ, సరిపోలిన ఎముకల మూలుగ దొరికితే మార్పిడి చేయవచ్చునన్నది. క్షయ టీకా వేయించవద్దని, ఇంట్లో బూజు పట్టనీయవద్దని హెచ్చరించింది. పెంటకుప్ప మాట ఎత్తలేదు. పసికందును పెంటకుప్ప మీదికి ఎవరు తీసుకుపోతారు?

మా వైపు తీసుకుపోతారు. వరుసగా బిడ్డలు దక్కని ఇంట, కొత్తగా పుట్టినవానిని చేటలో పెట్టి పెంట మీద వదలి, సంతు నిలిచిన మరొక ఇల్లాలిచేత ఎత్తించి, ఆమెకు తవుడిచ్చి కొనుక్కుంటారు. ఎవరికీ అక్కరలేని బిడ్డను మృత్యువూ కోరదని నమ్మకం.

పురుటి స్నానం నాడు నేను శిష్యుని ఇంటికి వెళ్ళేసరికి ఆడవాళ్ళు వెనుక వీధిలోని గేదెల కొట్టం నుంచి తిరిగి వస్తున్నారు. వానకు కుప్పలోని గడ్డి నాని ఉన్నది.

“గీ కోతిపిల్లను ఎవలు కొంటరే? చేటెడు తవుడు దండుగ!” అని బిడ్డను ఎత్తుకొచ్చిన పొరుగింటామె వెక్కిరిస్తున్నది. అదీ ఆ తంతులో భాగమే.

“నా తవుడు నా ఇష్టం. నీకేంది? జర ఇటియ్యి,” అని శిష్యుని తల్లి నవ్వుతూ మనుమణ్ణి అందుకున్నది. నన్ను చూసి, “సారూ, ఇగ వీనికి ఢోకా లేదు” అన్నది. బిడ్డ నుదుట గడ్డిపరక అంటుకొని ఉన్నది.

కొద్ది దినాలకే జ్వరమూ ఆయాసమూ మొదలైనవి. ఆస్పత్రికి నేనూ వారి వెంట వెళ్ళాను.

“బాబుని ఎక్కడికైనా తీసుకెళ్ళారా అండీ? తడి గడ్డి, ఎరువు ఉండే చోటుకి?” అని వైద్యురాలు అడిగింది. శిష్యుడు తల వంచుకున్నాడు. అతని తల్లే బదులు చెప్పింది.

“పెంట మీద ఏసినం బిడ్డా. బతకాలెనని.”

వైద్యురాలు మెల్లగా, “ఆ గడ్డిలో బూజు ఉంటుంది మామ్మగారూ. వీడికి అదే విషం” అన్నది.

“మరి ముందుగాల చెప్పకపోతివేంది?”

“ఇలా చేస్తారని నాకు తెలీదండీ.”

“మీ దిక్కు చెయ్యరా?”

“మా ఊళ్ళో నేనెప్పుడూ చూళ్ళేదు.”

లోపం ఏ జన్యువులో ఉన్నదో తేలితే, ముందు పుట్టబోయే వారిలోనైనా దానిని కడుపులోనే తెలుసుకొనవచ్చునని, పరిశోధనకై ఇంటిల్లిపాది రక్తమూ కావాలని వైద్యురాలు అడిగింది. ముసలామెయే మొదట చేయి చాచింది.

“వీని తండ్రి నా కొడుకు, తల్లి నా బిడ్డకు బిడ్డ. ఇద్దరిలో ఉన్నది నా నెత్తురే గద. ముందు నాదే తియ్యి.”

బిడ్డ తల్లి తమ్ముని మూలుగ వానికి సరిపోలినదని ఆశ్వయుజంలో తెలిసింది. ఆ వార్త విని ఆ ఇంట ఎవరూ సంతోషించలేకపోయారు. ఊపిరితిత్తులు కుదుటపడనిదే మార్పిడికి వీలులేదు. బూజు అప్పటికే రెండు వైపులా వ్యాపించింది. ఆ వైద్యురాలి హెచ్చరికలూ, ఆ ముసలామె తంతూ బిడ్డ బతుకునే కోరినవి. ఆ తంతుకు ముందే ఆ ఇద్దరూ ఒక్క పూట కూర్చొని ముచ్చటించుకొని ఉంటే ఎంత బాగుండేదని నేను తలపోయని దినం లేదు. నేటికీ శిష్యుడు పగలు మగ్గం నడిపి, సాయంకాలం ఆస్పత్రికి పోతున్నాడు.

ఇది వ్రాసిన పిమ్మట, మార్గశిర బహుళ విదియ నాడు ఉదయం బిడ్డ ఆస్పత్రిలో చనిపోయాడు. మూలుగ మార్పిడి జరగలేదు.