పాలరాయి మీద గోనె అచ్చు

కొత్తగా తెచ్చిన ప్రతి గోతాన్నీ కోసే ముందు వీరమ్మ ముఖానికి దగ్గరగా తెచ్చుకుంటుంది. కళ్లు మూసుకుని ఒక్కసారి గాలి పీలుస్తుంది. తర్వాత కుడిపక్కన పెడుతుంది. ఎడమపక్కకు ఏదీ పోదు.

కట్టుబడి జరిగే ఇళ్లలో కొత్త నేలను కాపాడడం ఆమె పని. నేల రాళ్లు పరిచాక కూడా ఆ ఇంట్లో వడ్రంగులు, రంగులవాళ్లు, కరెంటువాళ్లు నెలల తరబడి తిరుగుతారు. ఉలి జారినా, నిచ్చెన ఈడ్చినా రాయికి గీత పడుతుంది. అందుకని నేల మీద ముందు పల్చటి ప్లాస్టిక్ పట్టా, దాని మీద గోనె పట్టా. పాత గోతాలను కోసి విప్పి, దబ్బనంతో ఒకదానికొకటి కుట్టి, గదికి సరిపడా చేస్తుంది. పని అయ్యాక ఎత్తి, దులిపి, ఉతికి, మేడ మీద ఆరబెట్టి, చుట్టలు చుట్టి ఇంకో ఇంటికి తీసుకుపోతుంది. మిగతా చోట్ల నేల మీద ప్లాస్టర్ ఆఫ్ పారిస్ పోసి, చివరికి పగలగొట్టి పారేస్తారు. వీరమ్మ పట్టాలు గుంటూరు బ్రాడీపేటలో చాలా ఇళ్లు తిరిగాయి.

పట్టా ఎత్తిన రోజున నేల కాసేపు మెరుస్తూ కనిపిస్తుంది. పని నడిచినన్నాళ్లూ ఆమె ఉండేది ఆ ఇంటి మెట్ల కిందే. అప్పటికే తన మంచం, స్టవ్వు సర్దుకుని ఉంటుంది.

పర్చూరు దగ్గరి పల్లె నుంచి భర్త ఇమ్మానుయేలుతో గుంటూరు వచ్చింది. మిరప యార్డు దగ్గర ఆయన టిక్కీలు, అంటే మిరపకాయల బస్తాలు మోశాడు, ఆమె కాయల తొడిమలు తీసింది. గోనె పట్టాల ఆలోచన ఆయనదే. ఈ ఊళ్లో పాత గోతాల్లో సగం మిరపకాయలవి. ఎంత ఉతికినా నారలో కారం మిగిలి ఉంటుంది, తడి తగిలితే రంగు దిగుతుంది. ఉతికి వెలిసిన గోతం బియ్యానిదో మిరపదో కంటికి తెలియదు. ఇమ్మానుయేలు వాసన చూసేవాడు. బియ్యానిది కుడిపక్కకు, మిరపది ఎడమపక్కకు. మాట ఉండేది కాదు. కుడిపక్కవి తీసుకుని ఆమె కుట్టేది.

కరోనా వచ్చిన ఏడాది ఇద్దరికీ జబ్బు చేసింది. ఆయన ఆసుపత్రికి వెళ్లి తిరిగి రాలేదు. ఆ జబ్బు ఆమె దగ్గర నుంచి వాసన పట్టే శక్తి ఒక్కటే తీసుకుపోయింది. ఆ సంగతి ఆమెకు తెలిసింది ఆయన చొక్కా ముఖానికి పెట్టుకున్నప్పుడు. గుడ్డ తగిలింది, అంతే. మిరప ఘాటుకు ఆమెకు దగ్గయినా రాదు. తొడిమలు తీసిన ఏళ్లలో అది ఎప్పుడో ఆగిపోయింది.

ఎవరికీ చెప్పలేదు. వాసన తెలియని మనిషికి ఈ పని ఎవరిస్తారు. కొన్నాళ్లు ఒకే బియ్యం మిల్లు నుంచి గోతాలు తెచ్చుకుని నెట్టుకొచ్చింది. తర్వాత మిల్లువాళ్లు ప్లాస్టిక్ సంచులకు మారారు. పట్టాలు చిరుగుతున్నాయి, అతుకులు కావాలి. పాత గోతాల కొట్టులో దొరికినవి తెచ్చింది. బియ్యానివే అన్నాడు కొట్టువాడు. పనివాళ్లు చూస్తుండగా ముఖానికి దగ్గరగా పెట్టుకుని, కుడిపక్కన పెట్టింది.

అవి అతికిన పట్టాలను బ్రాడీపేటలో ఒక ఇంటి మూడో అంతస్తు హాల్లో పరిచారు. తెల్లటి పాలరాయి. ప్లంబరు పైపులు పరీక్షిస్తుంటే నీళ్లు హాల్లోకి వచ్చాయి. కింది ప్లాస్టిక్ ఎక్కడో చిరిగి ఉంది. పట్టా ఎత్తిన రోజున కిటికీ దగ్గర రాయి మీద నారింజ రంగు మరక కనిపించింది. గోనె నేత పోగు పోగునా అచ్చుపడింది.

రంగులు వేసే సాదిక్, గడ్డం నెరిసినవాడు, నిచ్చెన మీద నుంచే చూశాడు.

"ఏంది పిన్నీ, రాయికి తాలింపు పెట్టావా?"

అందరూ నవ్వారు. వీరమ్మ కూడా నవ్వబోయింది.

పని చేయించే మేస్త్రీ గౌస్ బాషా వచ్చి కూర్చుని బొటనవేలితో మరకను రుద్దాడు. పాలిష్ వాళ్లను పిలిపిస్తానన్నాడు, ఇంటివాళ్లతో తనే మాట్లాడతానన్నాడు. తిట్టలేదు. లేచాక అన్నాడు.

"మీ ఆయన ఉన్నప్పుడు ఇట్టాంటిది ఒక్కటి రాలేదు వీరమ్మా. వాసన చూశావా?"

"చూశాను బాషా గారూ."

పై అంతస్తులో కూడా తెల్లరాయే, రేపు దాని మీద పట్టాలు పరవాలి. అక్కడా ఇలాగే అయితే ఇక అన్నిచోట్లా ప్లాస్టరే పోయిస్తానని చెప్పి వెళ్లాడు. అదే జరిగితే ఆమె పనీ పోతుంది, మెట్ల కింది చోటూ పోతుంది. ఆ మాట అతను అనలేదు.

సాయంత్రం మేడ మీద పట్టాలన్నీ పరిచి మధ్యలో కూర్చుంది. అన్ని అతుకులదీ ఒకే రంగు. ఒక్కొక్కటి ఎత్తి ముఖానికి పెట్టుకుంది. గరుకు, ఎండ వేడి. వాసన లేదు. కింద వీధిలో స్కూటర్లు పోతున్నాయి. వెలుతురు తగ్గేదాకా అలాగే చేసింది.

పొద్దున సాదిక్ మెట్ల మీద కూర్చుని ఇడ్లీ తింటున్నాడు. వీరమ్మ ఒక పట్టా ఈడ్చుకొచ్చి దాని అంచు అతని ముందు పెట్టింది.

"వాసన చూసి చెప్పు."

"ఇడ్లీలోకి కారప్పొడి ఉందిలే పిన్నీ."

"నాకు వాసన తెలీదు సాదిక్. కరోనా అప్పటి నుంచీ తెలీదు."

అతను తినడం ఆపాడు. చెయ్యి కడుక్కుని వచ్చి పట్టా ఎత్తుకున్నాడు. మొదటి అతుకు బాగానే ఉందన్నాడు. రెండోదీ బాగుందన్నాడు. మూడోదానికి ముఖం తిప్పుకున్నాడు. ఆమె బ్లేడుతో దాని కుట్టు కోసింది. అలా పట్టాలన్నీ అయ్యేసరికి ఎండ మెట్ల మీదికి వచ్చింది.

బాషా గారికి తెలుసా అని అడిగాడు సాదిక్. తెలియదంది. తను చెప్పనులే అన్నాడు.

గేటు దగ్గర బండి ఆగింది. వీరమ్మ దబ్బనం పక్కన పెట్టి లేచింది. గౌస్ బాషా హెల్మెట్ తీయకముందే ఎదురు వెళ్లి, తనకు వాసన తెలియదని చెప్పింది.