బావ కారుకి వెడల్పు మడ్గార్డులు

మొన్న మనుబోలు దగ్గర హైవే పక్కన టీ తాగుతుంటే పసుపుపచ్చ స్పోర్ట్స్ కారొకటి వచ్చి ఆగింది. చక్రాల మీది మడ్గార్డులు బుగ్గలు పూరించినట్టు బయటికి ఉబ్బి ఉన్నాయి, దిగిన మనిషి ముఖం కంటే ముందు నా కళ్ళు మడ్గార్డుకీ బాడీకీ మధ్య సందు కోసం వెతికాయి. సందు లేదు. అయినా నా గుండె కాసేపు దడదడలాడింది. మీబోటి వాళ్ళకైతే చెప్పుకోవచ్చు గాని, ఈ వయసులో కారును చూసి దడేమిటని ఇంట్లో నవ్వుతారు.

మా అక్క పెళ్ళి కుదిరినప్పటి మాట, రొయ్యల చెరువులు కొత్తగా కలిసొస్తున్న రోజులవి. అక్కను చేసుకోబోయే ఆయనకు వాకాడు వైపు చెరువులుండేవి. మద్రాసులో ఎవరో వాడి వదిలేసిన రెండు తలుపుల స్పోర్ట్స్ కారును ముచ్చటపడి కొనుక్కుని, దానికి వైడ్ బాడీ కిట్టు, అంటే చక్రాల మీద వెడల్పుగా ఉబ్బే ఫైబర్ మడ్గార్డులు, తెప్పించి, పెళ్ళినాటికి బిగించి పెట్టమని నాన్న షెడ్డులో దింపిపోయాడు. నాన్న టింకరింగ్ మొదలుపెట్టక ముందు సముద్రపొడ్డున ఫైబర్ పడవలకు మరమ్మతులు చేసినవాడు గనుక, ఫైబర్ పనిలో మామగారి తర్వాతే ఎవరైనా అని కాబోయే బావ నమ్మకం. అప్పటికి ప్రధానం అయిపోయింది, చర్చిలో పెళ్ళి ప్రకటనలు చదువుతున్నారు. నేను నాన్న దగ్గరే పని నేర్చుకుంటున్నాను.

ఆ కిట్టుతో చిక్కేమిటంటే, అది తగిలించాలంటే కారుతో వచ్చిన మడ్గార్డు రేకును చక్రం చుట్టూ కోసి పారేయాలి. కోసిన రేకు మళ్ళీ రాదు. నాన్న ప్రార్థన చేసుకుని మరీ గ్రైండరు పట్టుకున్నాడు. నిప్పురవ్వలు రాలుతుంటే అక్క పెళ్ళిపందిరి మీదే పడుతున్నట్టు నాకు ఒకటే భయం.

ఫైబర్ ముక్కలను నాన్న అంతకుముందే గోడకు ఆనించి ఎండలో పెట్టించాడు. మన తీరంలో కొత్త పడవను ఎండకు బాగా కాగనిచ్చి గాని నీళ్ళలోకి దించరు, ఆ అలవాటు ఆయనది. పడవైతే ఎండకు కాగినా తన ఆకారం నిలుపుకుంటుంది, పల్చటి మడ్గార్డు ఎక్కడ నిలుపుకుంటుంది? తీరా బిగించబోతే వెనక కుడివైపుది మెలితిరిగి, కింద పట్టిస్తే పైన రెండు వేళ్ళ సందు వచ్చింది. కాబోయే అల్లుడికి కోపమొచ్చి సంబంధం వద్దంటే, ప్రకటనలు చదివించుకున్న పిల్లను మళ్ళీ ఎవరు చేసుకుంటారు? టార్పాలిన్ కప్పేసి, సామాను ఇంకా రావాలని చెబుదామన్నాను.

అక్క ఒప్పుకోలేదు. "దాచొద్దురా అబ్బయా. ఆయనెట్టాంటి మనిషో నాకిప్పుడే తెలియాల" అని, తనే పొయ్యి వెలిగించి అండాతో నీళ్ళు పెట్టింది. వేడినీళ్ళలో ముంచిన గోనెపట్టాలు కప్పి నొక్కితే మెలిక కొంత సర్దుకుంటుందని నాన్న ఆశ.

ఆదివారం ఆరాధన అయ్యాక కాబోయే బావ వచ్చాడు. కోసిన రేకు చూశాడు, మెలితిరిగిన మడ్గార్డు చూశాడు, ముఖం కందగడ్డ అయింది. రోడ్డు దాకా పోయి అటు తిరిగి నిలబడ్డాడు. లారీలు పోతూనే ఉన్నాయి, అక్క గుమ్మంలో నుంచి కదల్లేదు. ఇక అయిపోయిందనుకున్నాను. ఎంతసేపటికో తిరిగొచ్చి, తెల్లచొక్కా చేతులు మడుచుకుంటూ, "నీళ్ళు యాడ కాగతన్నాయి మామా?" అన్నాడు. అక్క గబగబా లోపలికి వెళ్ళి ఏడ్చింది.

ఆ మడ్గార్డు పూర్తిగా కుదరనే లేదు. సన్నటి సందుతోనే ఆ కారు చర్చికి వెళ్ళింది, బావ దాన్ని చాలాకాలం అలాగే నడిపాడు.

ఇప్పుడు అక్క చిన్నకూతురికి సంబంధం చూస్తున్నారు. పిల్లలిద్దరూ ఫోన్లో గంటలు గంటలు మాట్లాడుకుంటారు, అయినా మనిషి మంచివాడేనా మామయ్యా అని ఆ పిల్ల నన్నే అడుగుతుంది. అతనికి ప్రాణమైన వస్తువేదైనా మనవాళ్ళ చేతిలో చెడిపోయిన రోజు చూడమ్మా అని చెప్పాలనిపిస్తుంది. కాని ఈ రోజుల్లో మన చేతుల్లో చెడిపోయేదేముంది. ఏం పాడైనా కంపెనీవాడు వచ్చి పట్టుకుపోయి కొత్తది ఇచ్చిపోతున్నాడు.