జల్లెడ చెల్లెలి ముక్కుపుడక

బిస్కెట్ల ఫ్యాక్టరీలో ప్యాకింగ్ లైను సూపర్‌వైజరుని ఆవిడ వెనకాల అందరూ జల్లెడ అనేవాళ్ళు. ఆవిడ కన్ను దాటి ఈగ కూడా లోపలికి పోలేదని ఆ పేరు. పొద్దున షిఫ్టు మొదలయ్యే ముందు గేటు పక్క గదిలో చిన్న టార్చి పట్టుకుని నిలబడేది. ఒక్కొక్కరి చెవులు, మెడ, చేతులు చూసి, చివరగా ముక్కు మీద వెలుతురు వేసేది. ఇదివరకు ఎవరిదో ముక్కుపుడక ఊడి ప్యాకెట్లో పడితే తిన్న మనిషికి పన్ను విరిగింది. అప్పటినుంచి ఒంటి మీద రవ్వంత లోహం ఉన్నా లైను మీదికి పోనివ్వరు.

"తియ్యి" అనేది జల్లెడ.

"కొత్తగా కుట్టించుకున్నాను మేడమ్. తీస్తే పూడిపోతుంది."

"పూడితే పూడనీ. పెళ్ళిచూపులకొచ్చావా, పనికొచ్చావా?"

ఆడవాళ్ళు పళ్ళు నూరుకుంటూ తీసేవాళ్ళు. టీ గదిలో ఆవిడ వచ్చి కూర్చుంటే ఆ బల్ల ఖాళీ అయిపోయేది. ఆవిడ ఒక్కతే కూర్చుని టీ తాగి, గ్లాసు కడిగి బోర్లించి వెళ్ళేది.

అదే లైనులో ఆవిడ సొంత చెల్లెలు కూడా పనిచేసేది. అక్కాచెల్లెళ్ళు ఒకే ఇంట్లో ఉండేవాళ్ళు. కింద అక్కా, బావా; పైన చెల్లెలు, దాని మొగుడు; వంటిల్లు ఒకటే. తల్లి పోయాక చెల్లెల్ని పెంచింది అక్కే, ఫ్యాక్టరీలో పెట్టించిందీ అక్కే. ఆ సంగతి అన్నం వడ్డించినప్పుడల్లా గుర్తుచేసేది. చెల్లెలికి ముద్ద దిగేది కాదు.

ఒక ఆదివారం చెల్లెలు బజారుకెళ్ళి ముక్కు కుట్టించుకుని వచ్చింది. ఎర్ర రాయి, వెనక చిన్న మర శీల. ముక్కు ఎర్రగా కంది ఉంది. వంటింట్లోకి వచ్చి అక్క ఎదురుగా నిలబడింది.

జల్లెడ కూర కలుపుతూనే ఉంది. "రేపు గేటు దగ్గర తీయిస్తాను. తెలిసే కుట్టించుకున్నావా?"

"పచ్చి పుండక్కా. తీస్తే మూసుకుపోతుంది."

"మూసుకుపోనీ. నాది మూసుకుపోలేదా? చిన్నప్పుడు అమ్మ కుట్టించింది, ఉద్యోగం కోసం తీసేశాను. చచ్చానా?"

"నీకు లేదని నాకూ ఉండకూడదా? అంత కుళ్ళేంటే నీకు?"

గరిటె గిన్నెలో పడేసి జల్లెడ బయటికి వెళ్ళిపోయింది. ఆ రాత్రి కూర ఎవరూ తినలేదు.

చెల్లెలు ఒక ఉపాయం పన్నింది. రోజూ ఫ్యాక్టరీ బాత్‌రూములో పుడక తీసి, రంధ్రం పూడకుండా ప్లాస్టిక్ పుల్ల దూర్చేది. షిఫ్టు అయ్యాక పుల్ల తీసి మళ్ళీ పుడక పెట్టుకునేది. హడావిడిలో చేతులు కడుక్కునే ఓపిక ఎక్కడిది? వారం తిరగకుండానే ముక్కు రేగుపండులా వాచింది. ముట్టుకుంటే చీము.

ఆస్పత్రిలో డాక్టరమ్మ చూసి మండిపడింది. "పుండులో రోజుకి రెండుసార్లు గునపం దించుతున్నావా? పుడక పెట్టి వదిలెయ్. తిప్పకు, తీయకు. ఇప్పుడు తీస్తే పైన మూసుకుని చీము లోపలే ఉండిపోతుంది. కాచి చల్లార్చిన ఉప్పునీళ్ళతో కడుగు. చేతులు సబ్బుతో కడిగాకే ముక్కు ముట్టుకో."

మర్నాడు పుడకతోనే గేటు దగ్గరికి వచ్చింది. టార్చి వెలుగు ముక్కు మీద ఆగింది.

"తియ్యి."

"డాక్టరు తీయొద్దంది."

"అయితే మానేదాకా ఇంట్లో కూర్చో."

"కూర్చుంటే జీతం నువ్విస్తావా?" అని చెల్లెలు నేరుగా మేనేజరు గదిలోకి పోయింది.

మేనేజరుకి అప్పుడు పనివాళ్ళు తక్కువ, ఆర్డర్లు ఎక్కువ. పైన ప్లాస్టరు అంటించి, మాస్కు కట్టుకుని పని చేసుకొమ్మన్నాడు. జల్లెడ వద్దంటే వినలేదు. "మీ ఇంటి తగాదాలు లైను మీదికి తేకండి" అన్నాడు అందరూ వినేలా. టీ గదిలో ఆ రోజు నవ్వులే నవ్వులు. ఎన్నాళ్ళనుంచో ముక్కులు బోసిగా తిరుగుతున్నవాళ్ళు చెల్లెలికి టీ తెచ్చి ఇచ్చారు.

తర్వాత కొన్నాళ్ళకి, షిఫ్టు మధ్యలో చెల్లెలు మాస్కు సర్దుకుంటూ గతుక్కుమంది. రాయి ప్లాస్టరుకి అంటుకునే ఉంది, వెనక శీల లేదు. దాచేద్దామనుకునేలోపే పక్కనున్నామె చూసి అరిచింది. లైను ఆగింది. పెట్టెలన్నీ విప్పారు, ప్యాకెట్లన్నీ మళ్ళీ లోహం పట్టే మిషను కిందకి పంపారు, నేల ఊడ్చి చెత్త కూడా జల్లించారు. దొరకలేదు. చివరికి ఆ పూట సరుకంతా పశువుల దాణాకి పంపేశారు.

సాయంత్రం యజమాని వచ్చాడు. "అనుమతి ఎవరిచ్చారు?"

మేనేజరు జల్లెడ వైపు తిరిగాడు. "ముక్కులు చూసే పని ఈవిడది. చెల్లెలని వదిలేసింది."

జల్లెడ చెల్లెలి వైపు చూసింది. చెల్లెలు నేల చూపులు చూస్తూ నిలబడింది. అక్కడికక్కడే జల్లెడ చేతిలో టార్చి తీసుకుని, ఆవిణ్ణి అట్టపెట్టెలు మడిచే పనికి మార్చారు.

ఇంటికొచ్చాక చెల్లెలు ఉప్పునీళ్ళతో ముక్కు కడుక్కుంటుంటే గట్టిగా తుమ్ము వచ్చింది. బేసిన్‌లో ఠంగుమని ఏదో పడింది. శీల! పొద్దుటినుంచీ ముక్కులోనే ఉంది. దాన్ని అరచేతిలో పెట్టుకుని కిందికి వచ్చింది.

జల్లెడ చూసింది. "రేపు గేటు దగ్గర అందరి ముందూ చెప్పు."

"మేనేజరు మీద చెప్తే నన్ను తీసేస్తారక్కా."

"నన్ను మార్చినప్పుడు నీ నాలుక ఎక్కడ తాకట్టు పెట్టావ్?"

"నువ్వు ఎవరినైనా ఒక్కరోజు జాలిగా చూశావా? అందరూ సంబరపడుతున్నారు. నేనేం చేయను!"

మర్నాడు చెల్లెలు చెప్పలేదు. జల్లెడే చెప్పింది. గేటు గదిలో అందరి మధ్యా నిలబడి, శీల ముక్కులోనే ఉందని, మేనేజరే అనుమతిచ్చాడని చెప్పింది. "అవునా?" అని, సంగతంతా తెలిసినవాళ్ళే ఏమీ ఎరగనట్టు చెల్లెలి మొహం చూశారు.

"నాకేం తెలీదు. అక్కకి నా మీద కక్ష" అంది చెల్లెలు.

ఎవరో కిసుక్కున నవ్వారు. జల్లెడ ఆప్రాను విప్పి, మడత పెట్టి, బల్ల మీద పెట్టి బయటికి నడిచింది. మళ్ళీ ఆ గేటు తొక్కలేదు.

నెల తిరక్కుండా చెల్లెలూ మొగుడూ వేరే వీధిలోకి మారారు. పొయ్యి, గిన్నెలు పంచుకునేటప్పుడు కూడా అక్కాచెల్లెళ్ళు మొగుళ్ళ చేతే మాట్లాడించారు. జల్లెడకి ఆస్పత్రి లాండ్రీలో పని దొరికింది. దుప్పట్లు ఉతికించడం, లెక్క చూడటం. అక్కడ ఆవిడకి ఎవరూ పేరు పెట్టలేదు.

ఏడాది దాటాక ఒక మధ్యాహ్నం చెల్లెలు తలుపు తట్టింది. సెలవుల్లో పుడక మార్చి రింగు పెట్టుకుందట. అది బిగుసుకుని, చర్మంలోకి దిగి, ఎటూ కదలడం లేదు. లాండ్రీ ఆస్పత్రిలోనే కదా, ఎవరైనా డాక్టరు దగ్గరికి తీసుకెళ్తావా అని అడగడానికి వచ్చింది. నొప్పికి కళ్ళు నీళ్ళు కారుతున్నాయి.

జల్లెడ ఆ ముక్కు కేసి చూసి, చెప్పులు వేసుకుంది. దారంతా రెండడుగులు ముందే నడిచింది. నర్సు మత్తు సూది వేసి రింగు కత్తిరించి తీసేదాకా గోడకి ఆనుకుని నిలబడి చూసింది.

బయటికొచ్చాక చెల్లెలు దూది ముక్కుకి అదుముకుని అంది: "అక్కా... ఆ రోజు నేను అబద్ధమాడాను."

"నాకు తెలుసు. నాకు చెప్పడం దేనికి? ఆ గేటు దగ్గర చెప్పు."

"ఇప్పుడెవరికి కావాలి ఆ సంగతి?"

"నాకు కావాలి."

చెల్లెలు దూది తీసి చూసుకుని మళ్ళీ అదుముకుంది. చెప్తాననలేదు. బస్సు వస్తే ఎక్కి వెళ్ళిపోయింది. జల్లెడ లాండ్రీ లోపలికి వెళ్ళి, తడి దుప్పట్లు సరిగ్గా పిండలేదని అక్కడున్న ఆడవాళ్ళని చెడామడా తిట్టింది.