పావురాల కథలో మా మామ చెప్పనిది

నా చిన్నప్పుడు ఎండాకాలమంటే మా ఇంటిల్లిపాదికీ తునికాకే. దుమ్ముగూడెం దాటాక అడవి అంచున ఉండేది మా ఊరు. పొద్దున్నే అమ్మతో పోయి ఆకు కోసి, యాభై ఆకులకో కట్ట కట్టి, సాయంత్రానికి కల్లానికి మోసేవాళ్లం. బీడీలకు ఆకు కొనే కాంట్రాక్టరు తరఫున అక్కడ కల్లేదారు కూర్చుని కట్టలు చూసేవాడు. చిన్న మచ్చ కనబడితే చాలు, పక్కకు విసిరేసేవాడు. అలా విసిరేసినవి మాకు తిరిగిచ్చేవాడు కాదు. పైసా ఇవ్వకుండానే అవీ లారీలోకే పోయేవి.

ఒక ఏడు మా మామ, అంటే అమ్మ తమ్ముడు, ఊరందరినీ కూర్చోబెట్టి పావురాల కథ చెప్పాడు. నూకల కోసం దిగి వలలో చిక్కిన పావురాలు, రాజు మాట విని ఒక్కసారే ఎగిరి, వలతో సహా ఎలుక దగ్గరికి పోయిన కథ.

"ఒక్కటి ఎగిరితే రెక్కలు ఇరుగుతయ్. అందరం లేస్తే వలే లేస్తది. రేపటి సంది కల్లానికి ఒక్క కట్ట పోవద్దు," అన్నాడు.

నేను చప్పట్లు కొట్టాను. నా కళ్లకు మామే రాజులా కనబడ్డాడు.

నాలుగు రోజులు ఎవరమూ పోలేదు. కోసిన ఆకంతా ఇళ్లలోనే ఎండి ముడుచుకుపోయింది. ఐదోరోజు పాత కల్లేదారును తీసేశారని తెలిసింది. గెలిచామనుకుని అందరం కట్టలెత్తుకుని పరుగున పోయాం. కల్లంలో కల్లేదారు కుర్చీ మీద మా మామ కూర్చుని ఉన్నాడు.

అమ్మ తెచ్చిన కట్టలు చూసి, సగానికి పైగా పక్కకు విసిరేశాడు.

"ఏంది తమ్మీ, గిట్ల చేస్తున్నవ్?"

"ఆకు ఎండిపోయింది అక్కా. నేనేం జెయ్య?"

"నువ్వు ఆగమంటేనే గద ఆగినం!"

మామ వరసలో అమ్మ వెనకున్న మనిషిని రమ్మని చెయ్యి ఊపాడు. అమ్మ ఖాళీ గోనెపట్టా దులుపుకుని వచ్చేసింది.

ఇంట్లో అమ్మమ్మను అడిగాను, రాజు అట్లా చేస్తాడా అని. మామకు చిన్నప్పుడు ఆ కథ చెప్పింది ఆమే.

"ఎలుక ముందుగాల రాజు కట్లే కొరకబోయింది బిడ్డా. రాజు వద్దన్నడు. ముందు వాళ్లయి కొరుకు, నాయి ఆఖర్న అన్నడు. మీ మామకు గూడ మొత్తం చెప్పిన. గంత దాకా ఇన్నడో లేదో, మధ్యలనే నిద్రపొయ్యేటోడు," అంది. ఆ తర్వాత బతికినన్నాళ్లూ ఆమె కొడుకింట్లో మంచినీళ్లు ముట్టలేదు.

ఇప్పుడు నాకు అరవై దాటాయి. ఊళ్లో పదకొండు మంది ఆడవాళ్లను కలుపుకుని నేను నడిపిన విస్తర్ల యూనిట్ నిరుడు మూతపడింది. మా దగ్గర సరుకు కొనే భద్రాచలం వ్యాపారి, తన గోదాములో నాకొక్కదానికే సూపర్‌వైజర్ పని ఇస్తానన్నాడు. అందరికీ ఇస్తేనే వస్తానన్నాను. ఎవరికీ ఇవ్వలేదు. ఆ ఆడవాళ్లు ఇప్పుడు మిర్చి కోతలకు కూలికి పోతున్నారు. నడిపింది నేనే కాబట్టి యూనిట్ నా వల్లే పోయిందని కొందరు ఎదురుపడితే ముఖం తిప్పుకుంటారు. ఆ పని వద్దనడం మంచిదో కాదో నాకిప్పటికీ తెలియదు. వాళ్లు తిప్పుకున్నా నేనే ఆగి, బాగున్నవా అని పలకరిస్తాను. వాళ్ల కళ్లలోకి చూసి అడగగలుగుతున్నాను. నాకు మిగిలింది అదొక్కటే.