శంకరమ్మ చెప్పిన మంచి కబురు

నాంపల్లి స్టేషన్ దగ్గర డాక్టర్ శ్రీపతి తన దవాఖానలో ఎవరి స్వభావానికి తగ్గ పని వాళ్ళకు అప్పగించేవారు. ఆయనకదో పిచ్చి. ముక్కు మీద కోపమున్న అరబ్బును గేటు దగ్గర నిలబెట్టారు. చెయ్యి వణకని మరాఠీ ఆయనకు మందులు కలిపే పని. గలగలా నవ్వే ఆంగ్లో ఇండియన్ పిల్ల మేరీ కాన్పుల గదిలో నర్సు. ఇన్ని రకాల మనుషులు ఒక్కచోట పనిచేస్తుంటే చూడముచ్చటగానే ఉండేది. కానీ శంకరమ్మ సంగతి వేరు.

శంకరమ్మ ఆయా. మెతక మనిషి, మాట నిదానం. తెలుగూ వచ్చు, ఉర్దూ వచ్చు. 1938లో చేరిన వారానికే ఒక చావు కబురు బయట కాచుకున్న బంధువులకు చెప్పాల్సి వచ్చింది. ఆమే చెప్పింది, ఏడుస్తున్న ముసలాయన చెయ్యి పట్టుకుని చాలాసేపు కూర్చుంది. అంతే, డాక్టరుగారు తీర్మానించేశారు.

"ఇగ చావు కబుర్లన్నీ నువ్వే చెప్పాలె శంకరమ్మా. నీ గుణానికి గీ పనే సరిపోతది."

ఏం మెప్పు, తగలెయ్య! నాలుగేళ్ళు చెప్పింది. ఆబిడ్స్‌లో ఆమె ఎదురైతే జనం పక్కకు తప్పుకునేవారు. పండక్కి రావద్దని ఖైరతాబాదు నుంచి సొంత చెల్లెలే చెప్పి పంపింది. ఒక్క పుట్టుక కబురు, ఒక్కటంటే ఒక్కటి, తన నోటితో చెప్పాలి. ఆమెకు కావలసింది అదే.

"జర ఒక్కపారి పంపున్రి సారూ, మీ కాళ్ళు మొక్కుత" అని ఏడాది పొడుగునా బతిమాలితే, చివరికి ఆయన ఒప్పుకున్నారు.

"సరే, చూద్దాం. మంచిగైతే నిన్ను కాన్పుల గదిలనే ఉంచుత."

ఆ పొద్దున గన్‌ఫౌండ్రీ కమలమ్మ కోడలికి మగబిడ్డ పుట్టాడు. శంకరమ్మ కొంగు సర్దుకుని, నవ్వుతూ వరండాలోకి వచ్చింది. ఆమెను చూసీ చూడగానే కమలమ్మ "అయ్యో, నా కోడలా!" అంటూ గుండెలు బాదుకుంది.

"ఏడ్వకున్రి అమ్మా! కొడుకు పుట్టిండు. తల్లీ బిడ్డా మంచిగున్నరు."

ఎవరు నమ్ముతారు? ఆమెను తోసేసి అందరూ లోపలికి పరిగెత్తారు. మనవణ్ణి కళ్ళారా చూసుకుని వచ్చిన కమలమ్మ, సంతోషించాల్సింది పోయి శంకరమ్మ మీద విరుచుకుపడింది.

"థూ! నా మనుమని మాట నీ నోట ఎందుకొచ్చిందే? గీ మంచి కబురుకు నువ్వే దొరికినవా?"

ఉప్పు తెప్పించి పసివాడికి దిష్టి తీయించింది. అంతటితో ఊరుకుందా? మేరీని పిలిచి అదే కబురు మళ్ళీ చెప్పించుకుంది. మేరీ వచ్చీరాని ఉర్దూలో "లడ్కా హువా" అనగానే అందరూ అప్పుడే విన్నట్టు పొంగిపోయారు. ఆ పిల్ల నోట్లో చక్కెర పోశారు. శంకరమ్మ గోడవారగా నిలబడి చూస్తూ ఉండిపోయింది.

డాక్టరుగారు అంతా చూశారు. ఆమె తరఫున ఒక్క ముక్క అంటే ఒట్టు.

"చెప్పిన గదా, నీకిది కుదరదని. పో, వార్డుల ఉన్న మొగులయ్య సచ్చిపోయిండు. ఆయన పెండ్లాం గేటుకాడ కూసున్నది."

శంకరమ్మ వెళ్ళి మొగులయ్య భార్య పక్కన కూర్చుంది. ఇంకా నోరు విప్పనే లేదు. ఆ మనిషి ఈమె మొహంలోకి ఒక్క చూపు చూసి, ఒళ్ళో తల పెట్టి భోరుమంది. శంకరమ్మ ఆ వీపు నిమురుతూ కూర్చుంది. పాపిష్టి నిజం ఏమిటంటే, ఆమె ప్రాణానికి హాయిగా ఉంది. ఇక్కడ ఆమెను ఎవరూ పొమ్మనలేదు.