అక్క మీద నేను చేసిన విచారణ

మీ ఇంట్లో పార్కిన్సన్స్ జబ్బు మనిషి ఉంటే, అతన్ని పగలూ రాత్రీ చూసుకునే మనిషి మాట మీరు నమ్ముతున్నారా? తొందరపడి అవుననకండి. నేనూ అలాగే అన్నాను.

ఇరవై ఏళ్లుగా స్వాములతో, తాయెత్తులతో పోట్లాడుతున్నవాణ్ణి నేను. ఎవరేం చెప్పినా రుజువేదని అడగడం నాకు అలవాటు. ఆ అలవాటుతోనే బోధన్‌లో మా అక్క ఇంటికీ వెళ్లాను. బావకు ఈ జబ్బు వచ్చి నాలుగేళ్లు. చెరకు తోట చేసిన మనిషి, ఇప్పుడు లుంగీ ముడి తనంతట తాను వేసుకోలేడు. అక్క ఫోన్ చేసింది.

"తమ్మీ, మా మరిది వాళ్లు మీ బావను గురువారం సిరికొండ దిక్కు ఎవరో స్వామి దగ్గర పెడ్తరంట. గోళీలు బందు వెట్టాలె అంటున్నరు. జల్ది రా."

వెళ్లేసరికి బావ తమ్ముడు వాకిట్లోనే ఎదురయ్యాడు.

"మా వదిన గోళీలు సక్కగ ఇస్తలేదు బావా. నేనెప్పుడు పన్నెండింటికి వచ్చినా అన్న మంచిగనే నడుస్తుండు. నేను పోంగనే బిగుసుకపోయిండంటది. గిదేం లెక్క?"

మందులు మాన్పిస్తే ప్రాణం మీదికి వస్తుందని అతన్ని కసిరాను. కానీ 'గిదేం లెక్క' అన్న మాట నా బుర్రలో ముల్లులా దిగింది. ఆ రోజే కళ్లారా చూశాను. పదకొండున్నరకు బావ గేటు దాకా నడిచి వచ్చాడు. మూడింటికి గడప దగ్గర పాదాలు నేలకు అతుక్కుపోయినట్టు నిలబడిపోయాడు. మందు పని చేసే గంటలూ చేయని గంటలూ ఈ జబ్బులో ఉంటాయని నేను చదివాను. చదివింది పక్కన పెట్టి అనుమానించడం మొదలుపెట్టాను. ముందు మందుల షాపును. గోళీల పట్టీల మీద గడువు తేదీలు తిప్పి తిప్పి చూశాను, సరిగానే ఉన్నాయి. తరువాత మిగిలింది అక్క.

ఆమె బట్టలు ఆరేయడానికి మేడ మీదికి పోగానే అల్మారాలోంచి డబ్బా తీసి గోళీలు లెక్కపెట్టాను. లెక్క సరిపోయింది. అయినా, ఇవ్వకుండా పారేస్తోందేమో అనిపించింది. వెనక అలికిడి.

"అయినయా లెక్కలు? ఒక్కటన్న తక్కువున్నదా?"

"అది కాదక్కా..."

"గదే. స్వామి నిమ్మకాయ కోసి చూస్తడు, నువ్వు డబ్బ తెరిచి చూస్తివి. ఇద్దరికీ దొంగను నేనే."

మంచం మీంచి బావ, వినీవినపడని గొంతుతో అన్నాడు: "బామ్మర్దీ, నా చేతికర్రను గూడ ఎంక్వైరీ చెయ్యి. నన్ను పడేస్తున్నది గదే."

అక్క పకపకా నవ్వింది. నాకు నవ్వు రాలేదు.

మర్నాడు ప్రశ్నలు మాని ఆమె పక్కన కూర్చున్నాను. ఏడింటికి బావను ఒక పక్కకు దొర్లించి, భుజం కింద చెయ్యి వేసి లేపింది. గోళీ వేసి పెద్ద గ్లాసెడు బర్రె పాలు తాగించింది. "వట్టి కడుపుల గోళీ వేస్తే కడుపు మండుతది గదా," అంది. మన ఇళ్లలో అందరూ అనేదే; మందు ఎంత గట్టిదైతే పాలు అంత చిక్కగా ఉండాలి. తొమ్మిదింటికి బావ చొక్కా చేతిలోకి చెయ్యి దూర్చలేకపోయాడు. పదకొండింటి గోళీ వట్టి నీళ్లతో ఇచ్చింది. అరగంటకు లేచి తిరిగాడు. రెండింటికి పప్పన్నం తిన్న వెంటనే ఇంకోటి. మూడింటికి మళ్లీ గడప దగ్గర కొయ్యబారాడు.

బుధవారం ముగ్గురం నిజామాబాద్ వెళ్లాం. డాక్టరు గదిలోకి ఈసారి అక్కనూ రమ్మన్నాను. గోళీలు ఎప్పుడు, దేనితో ఇస్తోందో ఆమే చెప్పింది.

"పాలు, పప్పు ఈ మందును సరిగా పని చేయనివ్వవు," అన్నాడు డాక్టరు. "తినడానికి అరగంట ముందు, నీళ్లతో అని మొదటి రోజే చెప్పాను కదా." ఆయన చూస్తున్నది నా వైపు.

గుర్తొచ్చింది. మొదటి రోజు ఆయన ఎదుట రెండు కుర్చీలు. ఒకదాంట్లో బావ, ఇంకోదాంట్లో నేను. మగవాళ్లు లోపలికి, ఆడవాళ్లు సంచీ, చెప్పులు చూసుకుంటూ బయట బెంచీ మీద. అదే మన పద్ధతి. ఈ జబ్బు ఎందుకొస్తుందో డాక్టరుతో వాదించి, బయటికొచ్చి అక్కతో నేను చెప్పింది ఒక్కటే: "రోజుకు మూడు గోళీలు."

"ముందే చెప్తే పాలెందుకు పోద్దును తమ్మీ?" అంది అక్క. అందులో కోపం లేదు. ఉంటే బాగుండేది.

తరువాత డాక్టరు, "మీకు నిద్ర పడుతోందా అమ్మా?" అన్నాడు. అక్క వెనక్కి తిరిగి చూసింది, అడుగుతున్నది ఇంకెవరినో అనుకుని.

జబ్బు పోదు, ఇంకా ముదురుతుందని కూడా ఆయన చెప్పాడు. అయినా గురువారం పొద్దున, నీళ్లతో గోళీ వేసుకున్న బావ ఎనిమిదింటికి తనే పళ్లు తోముకుంటున్నాడు. స్వామి దగ్గరికి తీసుకుపోవడానికి ఆటో తెచ్చిన బావ తమ్ముడు అది చూసి ఆగాడు. తప్పు నాదని చెప్పాను. "సిరికొండ పోయేముందు ఈ పూట వదిన పని నువ్వు చెయ్యి," అన్నాను. మధ్యాహ్నానికే చెమటలు తుడుచుకుంటూ, "వదినా, నాలుగేండ్ల సంది నువ్వొక్కదానివే ఎట్ల చేస్తున్నవే?" అన్నాడు. ఆటోను పంపించేస్తూ, "ఈ గురువారం వద్దులే," అన్నాడు. ఆ 'ఈ' నాకు నచ్చలేదు. నాలుగేళ్లు హాయిగా నమ్మిన నన్ను నేనే ఇప్పుడు నమ్మడం లేదు, అతన్నేం నమ్ముతాను?

మీ ఇంట్లో గోళీ ఇస్తున్న చెయ్యి ఎవరిదో చూడండి. ఆ మనిషిని డాక్టరు ఎదుట కూర్చోబెట్టి, మీరు బయట సంచీ కాయండి. వారంలో ఒక పూట ఆ పనంతా మీ చేతుల్లోకి తీసుకుని ఆమెను పడుకోనివ్వండి. ఈ వారమే మొదలుపెట్టండి.